కీళ్లకు చిన్న కోత శస్త్రచికిత్స: ఏమి ఆశించాలి, ఏమి అడగాలి?

హబ్సిగూడ వద్ద ప్రధాన రహదారిని విడిచి నాచారం వైపు మళ్లితే, పారిశ్రామికవాడ చేరేలోగా ఎముకలు, కీళ్ల వైద్యానికి సంబంధించిన బోర్డులు వరుసగా పలకరిస్తాయి. ‘కీహోల్ ఆపరేషన్’, ‘చిన్న కోత’, ‘మరుసటి రోజే ఇంటికి’ అన్న మాటలు వాటిమీద పెద్ద అక్షరాలతో ఉంటాయి. ఆ దారిలో నడిచేవారిలో అధికులు కార్ఖానాలలో ఎనిమిది గంటలు నిలబడి పనిచేసేవారు, బరువులు మోసేవారు, ఇంటి పనితో మోకాళ్లు అరిగిన తల్లులు. వారికి ఆ మాటలు ఎంత ఆశ కలిగిస్తాయో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసానికి ప్రేరణ కూడా అటువంటి ఒక ఇంటి నుండే లభించింది. జనగామ ప్రాంతం నుండి వచ్చి నాచారంలో స్థిరపడిన ఒక కుటుంబం మాకు చిరకాల పరిచితం. ఆ ఇంటి పెద్ద కుమారుడు, ఇరవై ఏడేండ్లవాడు, ఒక ఆదివారం క్రికెట్ ఆడుతూ పాదం నేలకు ఆని ఉండగానే శరీరం తిప్పాడు. మోకాలిలో ‘టక్’మని శబ్దం వచ్చింది. గంటలో వాచిపోయింది. వారం తరువాత వాపు తగ్గినా మెట్లు దిగేటప్పుడు కాలు పక్కకు జారిపోతోంది. ఎమ్మారై తీయించగా మోకాలి లోపలి ముందు బంధనం, అంటే వైద్యులు ఏసీఎల్ అని పిలిచే స్నాయువు, తెగినదని తేలింది. కీహోల్ ద్వారా కొత్త బంధనం అమర్చవలసి ఉంటుందని డాక్టరు గారు చెప్పారు.

అదే ఇంట్లో తల్లికి యాభై ఎనిమిదేళ్లు. ఆరేళ్లుగా మోకాళ్ల నొప్పి. సజ్దా నుండి లేవడానికి పక్కనున్న మంచం కోడు పట్టుకోవలసి వస్తోంది. కుమారుడి విషయం విన్న వెంటనే ఆమె అడిగిన ప్రశ్న ఇది: “వాడికి చిన్న రంధ్రంతో బాగుచేస్తారట కదా, నాకూ అదే చేయిస్తే ఉమ్రాకు వెళ్లేలోపు నేల మీద సజ్దా చేసుకోగలను కదా?” ఆమె ఎమ్మారైలోనూ ‘మెనిస్కస్ చిరిగింది’ అన్న వాక్యం ఉన్నది. ఉమ్రా కొరకు కొద్దికొద్దిగా కూడబెట్టిన సొమ్ము బీరువాలో ఉన్నది. ఆ సొమ్మును ఆపరేషన్‌కు వాడుదామని ఇంటివారు దాదాపు నిశ్చయించుకున్న దశలో మాతో సంప్రదించారు.

ఒకే ఇల్లు, ఒకే మాట, రెండు మోకాళ్లు. ఒకదానికి ఆ శస్త్రచికిత్స నిజంగా అవసరం. రెండవదానికి దానివల్ల ప్రయోజనం దాదాపు శూన్యం. ఈ తేడా తెలియక మన కుటుంబాలు ఎంత సొమ్ము, ఎంత ఆశ పోగొట్టుకుంటున్నాయో చూసిన తరువాత, ఈ విషయాన్ని కాస్త వివరంగా రాయడం మా బాధ్యత అనిపించింది.

అసలు ఏమి చేస్తారు?

పూర్వం మోకాలి లోపల ఏదైనా సరిచేయాలంటే కీలును పొడుగాటి కోతతో తెరిచేవారు. ఇప్పుడు మోకాలిచిప్పకు ఇరుపక్కలా రెండు లేక మూడు చిన్న రంధ్రాలు చేస్తారు. ఒక్కొక్కటి సుమారు ఒక సెంటీమీటరుకు మించదు. ఒక రంధ్రం గుండా సుమారు 4 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని పంపుతారు. దాని కొనకు కటకం, దీపం ఉంటాయి. కీలులోకి ఉప్పునీటి ద్రావణం ఎక్కించి లోపలి భాగాన్ని ఉబ్బిస్తారు, దృశ్యం తెరమీద కనబడుతుంది. మరొక రంధ్రం గుండా సన్నని కత్తెరలు, పట్టకార్లు, చిరుగును కుట్టే సూదులు పంపి పనిచేస్తారు. దీనినే ఆర్థ్రోస్కోపీ అంటారు. భుజం, చీలమండ, తుంటి కీళ్లకు కూడా ఇదే పద్ధతి.

ఈ విద్య వయస్సు వందేళ్లకు పైనే. 1918లో టోక్యోలో కెంజి తకాగి అనే వైద్యుడు మూత్రాశయాన్ని చూసే గొట్టాన్ని ఒక మృతదేహపు మోకాలిలోకి పంపి చూశారు. క్షయరోగంతో బిగుసుకుపోయే మోకాళ్లు ఆనాటి జపానులో పెద్ద సమస్య. నేల మీద మోకాళ్లు ముడిచి కూర్చునే సమాజానికి మోకాలు వంగకపోవడం ఎంతటి కష్టమో మనకు బాగా అర్థమవుతుంది. ఆయన శిష్యుడు మసాకి వతనబే 1950ల చివరికి ఆ పరికరాన్ని వాడుకకు అనువుగా తీర్చిదిద్ది, 1962లో చిరిగిన మెనిస్కస్ భాగాన్ని ఈ పద్ధతిలో తొలగించారు.

ఇలాంటి సందర్భంలో మన పత్రికలలో అబుల్ ఖాసిం అల్ జహ్రావీ పేరు తప్పక వస్తుంది. అందులకు ఆయన అర్హులే. కొర్డోవా నగరానికి చెందిన ఆ మహావైద్యుడు, సుమారు 1013లో మరణించేనాటికి, ముప్పై భాగాల వైద్య గ్రంథం రచించి చివరి భాగాన్ని పూర్తిగా శస్త్రచికిత్సకు కేటాయించారు. పరికరాల బొమ్మలు గీశారు, విరిగిన ఎముకలకు, తప్పిన కీళ్లకు ప్రత్యేక ప్రకరణాలు రాశారు. అయితే కీహోల్ ఆపరేషన్ ఆయనే కనిపెట్టారని కొందరు ఉత్సాహంతో చెప్పుకోవడం అతిశయోక్తి. మన పూర్వీకుల గౌరవానికి ఆ అతిశయోక్తి అవసరం లేదు.

మన హైదరాబాదుకు కూడా ఈ చరిత్రలో ఒక స్థానం ఉన్నది. ఏ శస్త్రచికిత్సకైనా మొదట కావలసినది మత్తు. క్లోరోఫాం ఎంతవరకు సురక్షితం అన్న వివాదాన్ని తేల్చేందుకు 1888లోనూ, 1889లోనూ ఇక్కడే రెండు సంఘాలు ప్రయోగాలు జరిపాయి. ఖర్చు భరించింది ఆరవ నిజాం ప్రభుత్వం, నడిపించింది డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. వారి నిర్ణయాలలో కొన్ని తరువాత తప్పని తేలాయి గాని, ప్రపంచ వైద్యలోకం హైదరాబాదు పేరు చెప్పుకున్నది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలో ఇక్కడ చదివి, ఇక్కడే పనిచేశారు. నేడు పంజగుట్టలో నిమ్స్‌గా మనకు తెలిసిన సంస్థ కూడా 1964లో నిజాం ధర్మనిధి నిర్మించిన ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది.

ఎవరికి మేలు?

కుమారుడి వంటివారికి. యౌవనంలో, దెబ్బ తగిలిన వెంటనే, కాలు నిలబడక జారిపోతుంటే, బంధనం పునర్నిర్మాణం జీవితాన్ని మార్చగలదు. అందరికీ ఆపరేషన్ తప్పదని కూడా కాదు. కొందరు మూడు నెలల వ్యాయామంతో తొడ కండరాలను బలపరచుకొని, ఆటలు మానుకొని హాయిగా నడుస్తారు. కానీ నిచ్చెనలెక్కేవాడికి, బరువులు మోసేవాడికి కాలు హఠాత్తుగా జారడం ప్రమాదం. అలా పదేపదే జారితే లోపలి మెనిస్కస్ కూడా చిరుగుతుంది. మెనిస్కస్ అంటే రెండు ఎముకల నడుమ మెత్తగా ఉండే అర్ధచంద్రాకారపు గద్దె. దెబ్బవల్ల అది చిరిగి మడతపడి కాలు చాపలేకుండా బిగిసిపోయినప్పుడు కూడా ఈ చికిత్స మేలు చేస్తుంది. భుజంలో కండరపు నరం దెబ్బవల్ల తెగినప్పుడు, భుజం మాటిమాటికీ కీలు తప్పినప్పుడు కూడా అంతే.

విరిగిన ఎముకల విషయంలో చిన్న కోత వేరొక రూపం ధరిస్తుంది. ఎముకను పూర్తిగా తెరవకుండా, పైనా కిందా చిన్న కోతలు చేసి, ఎక్స్‌రే తెర చూస్తూ లోపలికి కడ్డీనో పలకనో జొనుపుతారు. తొడ ఎముకలోకి కడ్డీ వేసే పద్ధతిని 1939లో జర్మనీలో గెర్హార్డ్ కుంచర్ ప్రవేశపెట్టారు. విరిగినచోట రక్తప్రసారం చెడకుండా ఉండటం వల్ల ఎముక త్వరగా అతుకుతుంది. ఇక్కడ ఒక మాట. మన ప్రాంతాలలో కాలు విరిగితే మొదట పుత్తూరు కట్టుకో, పాతబస్తీ పహిల్వాన్ వద్దకో తీసుకువెళ్లే అలవాటు ఇంకా ఉన్నది. చిన్న పగుళ్లకు వారి కట్టు పనిచేసి ఉండవచ్చు. కానీ బిగుతైన కట్టు కింద వేళ్లు నల్లబడి, స్పర్శ పోయిన పిల్లలను గురించి ఏ ఎముకల వైద్యుని అడిగినా చెబుతారు. కట్టు ఎవరు కట్టినా వేళ్లు చల్లబడినా, మొద్దుబారినా, నొప్పి భరించలేకున్నా ఆ కట్టు వెంటనే విప్పించాలి.

వెన్నులో డిస్కు జారి కాలిలోకి నొప్పి దిగేవారికి కూడా దుర్భిణి ద్వారా చిన్న కోత చికిత్స ఉన్నది. వీరిలో అధికులకు ఆరు నుండి పన్నెండు వారాలలో ఆపరేషన్ లేకుండానే నొప్పి తగ్గుముఖం పడుతుంది. కాని మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ పోయినా, కాళ్లు బలహీనపడినా అది అత్యవసరం. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లవారేదాకా ఆగరాదు.

తల్లి మోకాలు

ఇప్పుడు రెండవ మోకాలి దగ్గరికి వద్దాం. ఆమెది అరుగుదల. వయస్సుతో, బరువుతో, ఏళ్ల తరబడి చాకిరీతో ఎముకల చివర ఉండే మృదులాస్థి పలచబడుతుంది. ఆ క్రమంలో మెనిస్కస్ అంచులు కూడా చీరపోగుల వలె చీలుతాయి. యాభై దాటిన అనేకమందికి, నొప్పి లేనివారికి సైతం, ఎమ్మారై తీస్తే అటువంటి చీలిక కనబడుతుంది. కాబట్టి కాగితం మీద ‘చిరిగింది’ అని ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణం అనలేము.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. అరిగిన మోకాళ్లు గల 180 మందిని మూడు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి దుర్భిణి ద్వారా లోపల శుభ్రపరచి గీకారు. ఒక వర్గానికి నీటితో కడిగి వదిలారు. మూడవ వర్గానికి చర్మం మీద కోతలు మాత్రం పెట్టి, లోపల ఏమీ చేయకుండా కుట్టేశారు. ఎవరికి ఏమి చేశారో రోగులకు తెలియదు. దానికి వారు ముందే సమ్మతించారు. రెండేళ్లపాటు గమనించారు. మూడు వర్గాల నొప్పిలోనూ తేడా లేదు! ఫిన్లాండు వైద్యులు అరుగుదల వల్ల మెనిస్కస్ చిరిగిన 146 మందిపై ఇదే విధంగా జరిపిన పరీక్ష ఫలితాలను 2013లో ప్రకటించారు. ఏడాది తరువాత నిజమైన ఆపరేషన్, ఉత్తుత్తి ఆపరేషన్ సమానంగానే నిలిచాయి. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి, అరిగిన మోకాళ్లకు ఈ చికిత్స దాదాపు ఎవరికీ చేయవద్దని గట్టిగా సిఫారసు చేసింది.

మేము ఈ మాట చెప్పినప్పుడు ఆమె నొచ్చుకున్నారు. “అంటే నా నొప్పి ఉత్తదా?” అని అడిగారు. నొప్పి నూటికి నూరు పాళ్లు నిజం. దానికి మందు ఆ రంధ్రంలో లేదు, అంతే. పక్కింటావిడకు ఆ ఆపరేషన్ తరువాత నొప్పి తగ్గిందని కూడా ఆమె చెప్పారు. అరుగుదల నొప్పికి ఎత్తుపల్లాలు సహజం. నొప్పి ఎక్కువైనప్పుడే ఎవరైనా ఆసుపత్రికి వెళ్తారు, తరువాత అది దానంతట అదే కొంత తగ్గుతుంది. ఉత్తుత్తి ఆపరేషన్ చేయించుకున్నవారూ తమకు తగ్గిందనే చెప్పారు కదా.

ఇక ఆమెకు మార్గం ఏమిటి? తొడ ముందు భాగపు కండరాన్ని బలపరిచే వ్యాయామం, బరువు తగ్గడం, అవసరమైనప్పుడు నొప్పి మందు. వినడానికి ఇవి చప్పగా ఉంటాయి. కాని 2005లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం శరీరపు బరువు ఒక కిలో తగ్గితే, నడిచే ప్రతి అడుగుకూ మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. రోజుకు వేలాది అడుగులు వేసే మనిషికి ఇది ఎంత ఊరట! ఇవన్నీ పాటించినా రాత్రి నిద్రపట్టనంతగా నొప్పి ఉంటే, నాలుగు అడుగులు వేయలేకపోతే, అప్పుడు కీలు మార్పిడి గురించి ఆలోచించాలి. అది వేరే శస్త్రచికిత్స. దానిలో కూడా ‘చిన్న కోత’ అని ప్రత్యేకంగా ప్రకటించేవారున్నారు. కోత పొడవు కంటే కృత్రిమ కీలు సరైన కోణంలో అమరడం ముఖ్యం. కొన్నేళ్ల తరువాత చూస్తే చిన్న కోతవారికి, మామూలు కోతవారికి నడకలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. మార్పిడి తరువాత నేల మీద కూర్చోవడం చాలామందికి కష్టమే. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

కుమారుడి ఆపరేషన్: ముందు, తరువాత

అతనికి ఆపరేషన్ జరిగింది. ఆ వివరాలు పాఠకులకు ఉపయోగపడతాయని రాస్తున్నాము.

ముందుగా రక్తపరీక్షలు, ఈసీజీ, మత్తువైద్యునితో సంభాషణ. వాడుతున్న ప్రతి మందునూ చెప్పాలి. హకీం ఇచ్చిన చూర్ణమైనా, రక్తం పలచబడేందుకు వేసుకునే బిళ్లయినా దాచరాదు. చక్కెరవ్యాధి ఉన్నవారు అది అదుపులోకి వచ్చేదాకా ఆగడం మంచిది, లేకుంటే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. సిగరెట్టు, గుట్కా గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి. ఆహారం ఆరు గంటల ముందు, మంచినీరు రెండు గంటల ముందు ఆపడం సాధారణ నియమం. మీ మత్తువైద్యుడు చెప్పినదే మీకు ప్రమాణం. రమజాను నెలలో అత్యవసరం కాని ఆపరేషన్ పెట్టుకోవడం కంటే ముందో వెనుకో జరుపుకోవడం సుఖం. ఆ తరువాత మందులు వేళకు వేసుకోవాలి కదా.

సాధారణంగా వెన్నులో సూది ఇచ్చి నడుము నుండి కిందికి స్పర్శ లేకుండా చేస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు. కొందరు తెరమీద తమ మోకాలి లోపలి దృశ్యం చూస్తారు! మనవాడు కళ్లు మూసుకొని దుఆ చదువుకున్నాడట. తెగిన బంధనం స్థానంలో అతని తొడ వెనుకనున్న స్నాయువునే కొంత తీసి, ఎముకలో సొరంగాలు చేసి అమర్చారు. ‘చిన్న రంధ్రం’ అన్న మాట విని లోపల జరిగేది కూడా చిన్నదే అనుకోరాదు. అక్కడ ఎముకను తొలిచారు. స్పర్శ తిరిగి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ రాత్రి నొప్పి బాగానే ఉంటుంది. కొందరికి మూత్రం రావడం ఆలస్యమవుతుంది, తలనొప్పి వస్తుంది.

సోదరీమణులు ఒక విషయం తెలుసుకోవాలి. మోకాలి ఆపరేషన్‌లో తొడ పైభాగాన పట్టీ బిగిస్తారు గనుక కాలు అంతవరకు తెరవవలసి వస్తుంది. మిగతా శరీరమంతా కప్పి ఉంచుతారు. సిద్ధం చేసేటప్పుడు మహిళా నర్సు ఉండాలని ముందురోజే కోరవచ్చు. మొహమాటపడవలసిన పని లేదు.

మరునాడే చేతికర్రలతో నడిపించారు. బోర్డు మీద చెప్పిన ‘మరుసటి రోజే ఇంటికి’ నిజమే అయింది. బోర్డు చెప్పని సంగతి ఆ తరువాతి తొమ్మిది నెలలు. కొత్త బంధనం మొదటి కొన్ని నెలల్లో గట్టిపడటానికి ముందు మరింత బలహీనపడుతుంది. సరిగ్గా అప్పటికే నొప్పి తగ్గి రోగికి ధైర్యం వస్తుంది. మళ్లీ తెగడం తరచు అక్కడే. కూర్చొని చేసే ఉద్యోగానికి రెండు మూడు వారాలలో వెళ్లవచ్చు. నిలబడి బరువులెత్తే పనికి నాలుగు నుండి ఆరు నెలలు. ఆటలకు కనీసం తొమ్మిది నెలలు. మెనిస్కస్‌ను కత్తిరిస్తే కోలుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు చాలవచ్చు. దానిని కుట్టి నిలబెడితే మాత్రం దాదాపు నాలుగు నెలలు గొంతుకు కూర్చోవడం, నేల మీద మఠం వేయడం నిషిద్ధం. ఇంట్లో నేలమట్టపు మరుగుదొడ్డి మాత్రమే ఉంటే, పైన పెట్టుకునే కుర్చీ ఆపరేషన్‌కు ముందే కొని ఉంచాలి. ఈ చిన్న సలహా మాకు ఎవరూ ఇవ్వలేదు. ఆసుపత్రి నుండి వచ్చిన రాత్రి దుకాణాలు వెదకవలసి వచ్చింది.

ఫిజియోథెరపీని మనవారు అదనపు ఖర్చుగా చూస్తారు. ఆపరేషన్ ఫలితంలో సగానికి పైగా దానిమీదే ఆధారపడుతుందని మా అభిప్రాయం. మోకాలు పూర్తిగా చాపడం మొదటి వారాలలో సాధించకపోతే తరువాత జీవితాంతం కుంటు మిగిలే అవకాశం ఉన్నది. దిండు మోకాలి కింద పెట్టుకొని పడుకోవడం హాయిగా ఉంటుంది, కాని అదే కీడు. దిండు మడమ కింద ఉండాలి.

జ్వరం, కోతల నుండి చీము, రోజురోజుకూ పెరిగే నొప్పి, పిక్కలో వాపుతో కూడిన నొప్పి కనబడితే డాక్టరుకు వెంటనే చెప్పాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిందేమోనని అనుమానించి అత్యవసర విభాగానికి పరుగెత్తాలి. ఇవి అరుదు. కోత పక్కన అరచేయంత చోట స్పర్శ మందగించడం మాత్రం మామూలే, భయపడనక్కరలేదు.

నమాజు, పట్టీ, సూదిమందు

మస్జిదులో ఎక్కువగా వినిపించే ప్రశ్నలు ఇవే గనుక కాస్త చెబుతాము. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పక్కకు పడుకొని నమాజు చేసుకునే సౌలభ్యం దైవప్రవక్త (స) స్వయంగా తెలిపినదే. కుర్చీలో కూర్చున్నవారు రుకూ కంటే సజ్దాకు తలను కొంచెం ఎక్కువ వంచుతారు. డాక్టరు వద్దన్న కాలంలో పంతానికి నేలమీద సజ్దా చేసి కుట్లు తెంపుకోవడం భక్తి అనిపించుకోదు. పట్టీ తడపరాదని చెప్పినప్పుడు దానిపై తడిచేతితో మసహ్ చేయడం గురించి, తయమ్ముమ్ గురించి మీ ఆలిం గారిని ఆపరేషన్‌కు ముందే అడిగి ఉంచుకోండి.

మరొక సంగతి చాలామందికి తెలియదు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద ఇచ్చే ఎనాక్సాపరిన్ అనే సూదిమందును పంది పేగుల పొర నుండి తీసిన హెపారిన్‌తో తయారుచేస్తారు. గత్యంతరం లేని స్థితిలో ప్రాణరక్షణకు అనుమతి ఉన్నదని ఆలింలు వివరిస్తారు. అయితే గత్యంతరం ఉన్నదా లేదా అని అడిగితేనే తెలుస్తుంది. ఫాండాపారినక్స్ అనే సూదిమందు, రివరాక్సాబాన్, అపిక్సాబాన్ మాత్రలు కృత్రిమంగా తయారైనవి. అందరికీ ఇవి సరిపడవు, మూత్రపిండాల స్థితిని బట్టి డాక్టరే నిర్ణయించాలి. చిన్న ఆపరేషన్లలో అసలు ఏదీ అవసరపడకపోవచ్చు కూడా. ముందే మర్యాదగా అడగండి. ఇచ్చిన మందును ఇంటికి వచ్చి చెప్పకుండా మానివేయడం మాత్రం ప్రాణాంతకం.

ఖర్చు సంగతి

నాచారం వంటి పారిశ్రామికవాడలో పనిచేసేవారికి ఒక హక్కు ఉన్నది, దానిని చాలామంది వాడుకోరు. నెల జీతం 21,000 రూపాయలకు మించని ఉద్యోగి ఇ.ఎస్.ఐ. పరిధిలోకి వస్తాడు. జీతం నుండి 0.75 శాతం, యజమాని నుండి 3.25 శాతం జమ అవుతుంది. నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. అవసరమైన చికిత్స ఇ.ఎస్.ఐ. వద్ద లేనప్పుడు ఒప్పందమున్న ఇతర ఆసుపత్రికి పంపే ఏర్పాటు ఉన్నది. ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా, ఆదాయ పరిమితికి లోబడి, వైద్యం లభిస్తుంది. అంతకంటే ముఖ్యం, పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు అనారోగ్య భత్యం ఉన్నది. అందుకు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా జమ అయి ఉండాలి. పనిలోనే దెబ్బ తగిలితే భత్యం 90 శాతం. మనవాడు తన కార్డు ఎక్కడ పెట్టాడో కూడా మరచిపోయాడు. మూడు రోజులు వెదికి పట్టుకున్నాక, ఆ భత్యంతోనే ఇల్లు గడిచింది.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం పది లక్షలకు పెంచింది. మీకు చెప్పిన ఆపరేషన్ ఆ జాబితాలో ఉన్నదా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. సొంత సొమ్ముతో చేయించుకునేవారు అంచనాను రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎముకలో బిగించే మరలు, ఒకసారి వాడి పారవేసే పరికరాలు, కాలికి తొడిగే పట్టీ, ఫిజియోథెరపీ, ఇవన్నీ అందులో చేరాయా అని చూడాలి. బిల్లు పెరిగేది అక్కడే. కృత్రిమ మోకాలి కీళ్ల ధరలకు కేంద్రప్రభుత్వం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి విధించింది. అప్పట్లో సాధారణ రకానికి అది పన్ను కాక 54,720 రూపాయలు. ఆ పరిమితి కీలుకే, ఆసుపత్రి మొత్తం బిల్లుకు వర్తించదు.

డాక్టరును ఏమి అడగాలో తెలియక తలవూపి వచ్చేవారి కొరకు మేము ఆ ఇంటివారికి కాగితం మీద రాసి ఇచ్చిన ప్రశ్నలు ఇవి. ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుంది? మూడు నెలల వ్యాయామం తరువాత నిర్ణయించుకోవచ్చా? కత్తిరిస్తారా, కుడతారా? నేను పనికి, నేల మీద సజ్దాకు ఎప్పుడు వెళ్లగలను? నా వయస్సువారికి, నా ఎక్స్‌రే వంటిది ఉన్నవారికి ఈ చికిత్సవల్ల ఎంత మేలు జరుగుతోంది? చివరి ప్రశ్నకు తల్లి విషయంలో రెండవ డాక్టరు గారు ఇచ్చిన జవాబు ఒక్క ముక్క: “అమ్మా, నా తల్లికైతే చేయను.”

ఆమె ఇప్పుడు వంటింటి స్టూలు మీద కూర్చొని, ఒక్కొక్క కాలు చాచి పది లెక్కపెట్టే వ్యాయామం రోజుకు మూడు పూటలు చేస్తున్నారు. నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గారు. మెట్లు ఎక్కడం సులువైంది. సజ్దా ఇంకా కుర్చీ మీదనే. కుమారుడికి ఆరవ నెల నడుస్తోంది, కార్ఖానాలో అతనికి కూర్చొని చేసే పని ఇచ్చారు. ఉమ్రా సొమ్ము బీరువాలోనే ఉన్నది. మస్జిదుల్ హరాంలో తవాఫ్‌కు చక్రాల కుర్చీలు దొరుకుతాయని మేము చెబితే, “నడవగలిగినంత నడుస్తాను, ఇన్షా అల్లాహ్” అని ఆమె పాస్‌పోర్టు దరఖాస్తు నింపమని కాగితాలు మా చేతికి ఇచ్చారు.